పావగడ సీమలోని పాత ఇంజను బ్లాకులు: వాని వెల, వాని మరమ్మతు

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందినదే యైనను, పటమును విప్పి చూచినయెడల ఆంధ్రదేశములోనికి చొచ్చుకొనివచ్చిన నేలవలె కనబడును. మూడువైపుల మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గ ప్రాంతములు దీనిని చుట్టియున్నవి. కచేరీలో వ్రాత కన్నడము. ఇంటిలో మాట పెక్కుమందికి తెలుగు. ఊరికి పేరిచ్చిన కొండను ఒకరు పావగడ యనిరి, ఒకరు పాముకొండ యనిరి; అర్థమునకు భేదము లేదు. ఈ సీమ కోటను గూర్చియు, నిడగల్లు దుర్గమును గూర్చియు, నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామిని గూర్చియు ఇట్టి సంచికలలో వ్యాసములు వచ్చుట ఉచితమే. నేను మాత్రము ఈసారి పాఠకులను ఆ రాతికట్టడముల నుండి కొంచెము దూరము తీసికొనిపోయి, పాడుబడిన బావుల గట్టున తుమ్మచెట్ల నీడలో పడియున్న పోతయినుప దిమ్మెల యొద్ద నిలుపదలచితిని. మెకానిక్కులు వానిని ఇంజను బ్లాకు లందురు. పిస్టను నడచు గొట్టమును, ఆ గొట్టము చుట్టు నీరు తిరుగు తొడుగును ఒకే పోతలో కలిపి చేసిన దిమ్మెయే బ్లాకు. ఇంజనులో మిగిలినవన్నియు మార్చదగిన అంగములు. ఇది దాని శరీరము.

ఇంజను రాకమునుపు ఈ సీమలో నీటిని పైకి తెచ్చినది కపిల. బావి యొడ్డునుండి దిగు వాలుబాటలో రెండెడ్లు నడచిపోవుచుండగా, తోలుతొండము గల బాన పైకి వచ్చి కాలువలో నీరు క్రుమ్మరించెడిది. ఎడ్లు మరల వెనుకకు రావలెను, మరల దిగవలెను. తెల్లవారకమునుపు మొదలిడి ఎండ ముదురువరకు ఈ పని సాగెడిది. ఎడ్ల మేతకు కరవు వచ్చిన సంవత్సరమున పైరునకు కూడ కరవు వచ్చెడిది. ఏలయన నీరు బావిలో ఉన్నను పైకి తెచ్చువారు లేరు.

ఈ శ్రమను యంత్రమున కప్పగింపవచ్చునని దక్షిణదేశమున పట్టుదలతో చెప్పి, చేసి చూపినవాడు ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్. మద్రాసు ప్రభుత్వపు కొలువులో నుండగా ఈయన 1902 ప్రాంతమున చెంగల్పట్టు జిల్లాలోని మెల్రోసాపురమున ఆయిలింజనుతో బావినీరు తోడు ప్రయోగములు జరిపించెను. పిదప 1912లో మైసూరు సంస్థానమునకు వచ్చి పరిశ్రమల వ్యవహారము చేపట్టెను. విశ్వేశ్వరయ్యగారు దివానైనదియు ఆ సంవత్సరముననే. నీరెత్తుటను గూర్చి ఛాటర్టన్ వ్రాసిన 'లిఫ్ట్ ఇరిగేషన్' అను గ్రంథము కూడ 1912లోనే మద్రాసున అచ్చైనది. అప్పుడు మడకశిర, హిందూపురములు మద్రాసు రాజధానిలోనివి; పావగడ మైసూరు మహారాజుగారిది. సరిహద్దురాతికి ఇటు నటు ఒకే భాష మాటలాడుచు, ఒకే తీరు బావులు త్రవ్వుకొన్న మన రైతులకు, ఒకే మనుష్యుని బోధ ముందు ఒక ప్రభుత్వము వాకిటను, తరువాత రెండవ ప్రభుత్వము వాకిటను వినబడినదని చెప్పవలెను.

ఆ తొలినాటి ఇంజనులు నేడు మన మెరిగిన డీజిలు ఇంజనులు కావు. హెర్బర్ట్ అక్రాయిడ్ స్టూవర్ట్ 1890లో హక్కుపత్రము పొందగా, గ్రాంథామ్ పట్టణములోని హార్న్స్‌బీ కంపెనీవారు నిర్మించిన జాతివి అవి. తలమీది గోళమును దీపపు మంటతో చాలసేపు కాచినగాని వానికి ప్రాణము వచ్చెడిది కాదు. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును 1897లో జయప్రదముగా నడిపించెను. చల్లగా ఉన్న ఇంజనును చేతితో త్రిప్పి లేపగల చిన్న డీజిలు మాత్రము పల్లెబావి గట్టునకు తగినదై, ఇంగ్లండులోని డర్స్‌లీ నుండి లిస్టరు కంపెనీవారి 'సి.ఎస్.' అను పేర 1929లో వెలువడెను. ఒక్క సిలిండరు, రెండు పెద్ద చక్రములు. ఆరు గుర్రముల బలము గలదానికి బోరు నాలుగున్నర అంగుళములు, పిస్టను నడక ఐదున్నర అంగుళములు, వేగము నిమిషమునకు 650 చుట్లు. మన దేశమున సాతారాలో కూపరువారు 1930ల ఆరంభముననే డీజిలు ఇంజనులు చేయజొచ్చిరి. పూనా ప్రక్కన కిర్కీలో కిర్లోస్కరు ఆయిలింజనుల కంపెనీ 1946లో వెలసెను. తరువాత రాజకోట కార్ఖానాలవారు లిస్టరు నమూనానే పోతపోసి దేశమంతట నింపిరి. దూరమున ఏ బావి నడచుచున్నదో శబ్దమును బట్టి చెప్పగలవారు మా చిన్నతనమున ప్రతి యూరను ఉండిరి. ఆ మందగమనపు 'డుబ్ డుబ్' వినుచు నిద్రపోయిన వారికి నేటి మోటారు రొద నిద్ర పట్టనీయదు. అది వేరు సంగతి.

1957లో విదేశమారకద్రవ్యమునకు కటకట ఏర్పడి దిగుమతులు బిగిసిన పిమ్మట, సీమ ఇంజనుల విడిభాగములు దుర్లభములయ్యెను. అప్పుడే హిందూపురము, అనంతపురము, తుమకూరు వంటి పట్టణములలోని లేతు పనివాండ్ర విలువ రైతునకు తెలిసినది. అరిగిన బ్లాకును పారవేయక తిరుగ కోసి, క్రొత్త స్లీవు దిగగొట్టి, మరి పది పండ్రెండేండ్లు నడిపించు విద్య ఆ షెడ్డులలో వర్ధిల్లెను. కపిల కట్టిన వడ్రంగి స్థానమును లేతు మేస్త్రి ఆక్రమించెను.

మరి ఇన్ని ఇంజనులు బావిగట్టున ఎట్లు మిగిలినవి? దీనికి కారణము మెకానిక్కు షెడ్డులో లేదు, బావి అడుగున ఉన్నది. ఒడ్డున నిలిచి నీటిని పీల్చు పంపు గాలి ఒత్తిడిమీద ఆధారపడినది. లెక్కకు 34 అడుగులు పీల్చవలెను. ఆచరణలో ఇరువది యిరువదియైదు అడుగులకు మించి పీల్చలేదు. నీరు దిగినకొలది రైతు బావిగోడలో రాతిని తొలిచి, అరుగు చేసి, పంపును దింపెను. బెల్టు పొడుగు చేసెను. ఇంకను దిగగా చేయునది లేకపోయెను. తరువాత విద్యుత్తు వచ్చెను, గొట్టపుబావి వచ్చెను, నీటిలో మునిగి పనిచేయు మోటారు వచ్చెను. విచిత్రమేమనగా రైతును విడువని మాట 'బోరు' ఒక్కటే. ఇంజను బోరు అరుగునేమో యని తండ్రి దిగులుపడెను. నేల బోరు ఎండునేమో యని కుమారుడు దిగులుపడుచున్నాడు.

అందుచేత కాలువక్రింది దేశములలో ఇంజను అరిగి చచ్చినది. పావగడ సీమలో ఇంజను అరుగకముందే బావి చచ్చినది. సగము అరిగిన బోరుతో, వానలు తక్కువైన గాలిలో త్రుప్పు కూడ మెల్లగా పట్టుచు, ఈ బ్లాకులు దశాబ్దములు పడియున్నవి. కరవు వానిని కాపాడినదని నా అభిప్రాయము. ఇట్టి మాట చెప్పుటకు మనస్సు ఒప్పదు గాని చెప్పక తప్పదు.

ఇప్పుడు వానిని కదిలించు కాలము వచ్చినది. తిరుమణి, బలసముద్రము, క్యాతగానచర్లు, వల్లూరు, రాయచర్లు గ్రామముల భూములు సుమారు 13,000 ఎకరములు, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున 28 సంవత్సరముల గుత్తకు తీసికొని, 2,050 మెగావాట్ల సూర్యవిద్యుత్కేంద్రము నిర్మించిరి. మొదటి భాగము 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరకు పని పూర్తియైనది. చేను గుత్త కిచ్చిన రైతునకు బావి షెడ్డుతో పనిలేదు. గుజరీవాడు తక్కెడతో వచ్చును. వానికి బ్లాకనగా ఇనుము; ఇనుమనగా కిలో. సుత్తెతో పగులగొట్టి లారీ కెత్తినచో సాయంత్రమునకు కొలిమి చేరును.

మా కుటుంబమునకు నాగలమడికె హోబళిలో ఒక బావి యుండెడిది. అందు మా తాతగారు కొన్న లిస్టరు ఇంజను. 1960ల నడుమ ఒక ఎండకాలమున, తొమ్మిదేండ్ల వాడనైన నన్ను ఇంజను కడ కూర్చుండబెట్టి మా చిన్నాయన భోజనమునకు పోయెను. బ్లాకును చల్లబరచు నీరు పంపునుండియే వచ్చును గదా. బావిలో నీరు అయిపోయెను. పంపు గాలి పీల్చెను. బ్లాకు తొడుగులో నీరు ఆవిరియై పొగ వెడలెను. నేను భయపడి, ఇంజను నాపుట తెలియక, తొట్టిలోని చల్లని నీరు బిందెతో తెచ్చి పోసితిని. 'టప్' మని ఒక శబ్దము. ఇంజను ఆగెను. నన్నెవరు నేమియు అనలేదు. మరునాడు దానిని నడపగా నడచెను. ఆ మీద మూడు నాలుగేండ్లు నడచెను. కాని బావి యెండి షెడ్డు మూతపడిన పిదప, ఆ బ్లాకు నావలననే పగిలినదను అనుమానము నన్ను విడువలేదు.

గుజరీవాడు దానికి తూకపు వెల చెప్పగా, మా తమ్ముడు ఇచ్చివేయుద మనెను. నేను వలదని చెప్పి, ఇంజనును విప్పించి హిందూపురమునకు తీసికొనిపోయితిని. అక్కడ ఒక వృద్ధ మేస్త్రి, డెబ్బదియేండ్లు దాటినవాడు, దానిచుట్టు ఒకసారి తిరిగి, "ఎంత చెప్తావు మేస్త్రీ?" అని మా తమ్ముడడుగగా నవ్వెను. "కడగని బ్లాకుకి వెల చెప్పేవాడు మెకానిక్కు కాదు సామీ, జోస్యగాడు" అనెను.

ఈ మాటలో ఈ వ్యాపారపు రహస్యమంతయు ఇమిడియున్నది. సాధారణముగా వస్తువునకు ముందు వెల కట్టి, కొని, తరువాత బాగుచేయుదుము. పాత బ్లాకు విషయమున సగము పని ముగిసినగాని వెల తెలియదు. ఆ సగము పని ఖర్చు ఎవరిదను విషయమున అమ్మువానికిని కొనువానికిని నిత్యము తగవు. మంచి మేస్త్రులు కడుగు కూలిని ముందుగా వేరుగా తీసికొందురు. బ్లాకు పనికిరానిదని తేలినను ఆ కూలి వారిదే. ఇది న్యాయము. కడుగుటకు కూలి యీయని అమ్మకపువాడు ఏదియో దాచుచున్నాడని వారి నమ్మకము.

మొదట బ్లాకును గొలుసుతో వ్రేలాడదీసి చిన్న సుత్తెతో కొట్టి వినుదురు. నిండైన పోత గంటవలె మ్రోగును; పగులున్నది పగిలిన కుండవలె పలుకును. ఇది స్థూలపరీక్ష మాత్రమే. తరువాత కాస్టిక్ సోడా కలిపిన వేడినీటి తొట్టిలో ఉడికించినచో ఏండ్లనాటి నూనె మడ్డి విడిపోవును. మా సీమలో అసలు శత్రువు నూనె కాదు, నీరు. పావగడ భూగర్భజలమున ఫ్లోరైడు ఎక్కువ. అది మనుష్యుల పండ్లకును ఎముకలకును హాని. ఇంజనునకు హాని చేయునది ఆ నీటిలోనే కరిగియున్న సున్నపు లవణము. వేడి తగులగనే అది తొడుగు గోడలకు రాతిపొరవలె పేరును. పొర మందమైనకొలది నీటి చల్లదనము ఇనుమునకు అందదు. ఆ పొరను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో కరిగించి, వెంటనే సోడానీటితో కడిగి ఆమ్లమును చంపుదురు. ఆమ్లము బోరులో పడకుండ మూయుట మరచిన శిష్యునకు ఆనాడు మాటలు తప్పవు. మా బ్లాకు తొడుగునుండి గుప్పెడు గుప్పెడుగా తెల్లని పెచ్చులు రాలెను. మా బావి నీటిని అట్లు చేత పట్టుకొని చూచుట అదియే మొదటిసారి.

అటుపిమ్మట పగుళ్ల పరీక్ష. కిరోసినుతో తడిపి, కొంతసేపటికి గుడ్డతో శుభ్రముగా తుడిచి, సుద్దపొడి పూయుదురు. పగులులో దాగిన కిరోసిను మెల్లగా పైకి వచ్చి సుద్దమీద నల్లని గీత గీయును. చలిదేశములలో తొడుగులోని నీరు గడ్డకట్టి బ్లాకులు పగులునట. మా సీమలో నీరు గడ్డకట్టదు. నీరు లేకపోవుటయే పగులునకు హేతువు. సుద్ద పూసి మేస్త్రి బీడీ వెలిగించుకొనెను. నేను ఆ బ్లాకునుండి చూపు మరల్చలేదు. తొడుగు వెలుపలి గోడమీద, పై అంచునకు రెండంగుళముల క్రింద, సన్నని గీత ఒకటి మెల్లగా నల్లబడెను, బొటనవ్రేలి పొడవు. "ఎవరో వేడి మీద చన్నీళ్లు పోసినారు" అని ఆయన అనెను. నేనే యని చెప్పితిని. ఆయన ఆశ్చర్యపడలేదు. "బయటి గోడ కాబట్టి సరిపోయింది. లోపలి గోడైతే నీళ్లు నూనెలోకి దిగి, క్రాంకు కూడా పోయుండేది" అనెను. తరువాత తొడుగు రంధ్రములన్నియు మూసి, చేతిపంపుతో ఒత్తిడిమీద నీరెక్కించి చూడగా ఆ గీతయొద్ద తప్ప మరెక్కడను చెమ్మ కనబడలేదు.

వెలను ఎక్కువగా నిర్ణయించునది బోరు. పిస్టను పైకి పోయి మరలు చోట, మంటకు దగ్గరగా, నూనె తక్కువగా అందునుగనుక అరుగుదల అచ్చట ఎక్కువ. అడుగున దాదాపు ఉండదు. మైక్రోమీటరు లేని షెడ్డులలో కూడ దీనిని కొలుచు ఉపాయ మొకటి కలదు. క్రొత్త రింగునొకదానిని బోరులో అడుగున సమముగా నిలిపి, దాని మూతుల నడుమ ఎడమును ఫీలరు రేకులతో కొలుతురు. మరల పైన నిలిపి కొలుతురు. మా బ్లాకున అడుగున 22 థౌ, పైన 60 థౌ వచ్చెను. థౌ అనగా అంగుళములో వెయ్యవ వంతు. తేడా 38. వృత్తపు చుట్టుకొలత వ్యాసమునకు 3.14 రెట్లు గనుక, 38ని 3.14 చేత భాగించిన సుమారు 12 థౌ. బోరు వ్యాసము పైన అంత పెరిగినదన్నమాట. చదువుకొనని మేస్త్రి యొకడు దీనిని 'మూడింట ఒక పాలు' అని నోటిలెక్కగా చెప్పుట వినియున్నాను. లెక్కకు చాల దగ్గర.

పెద్ద పిస్టనులు పది, ఇరువది, ముప్పది, నలుబది థౌల మెట్లుగా దొరకును. పండ్రెండు అరిగినదానిని గుండ్రముగా కోయుటకు ఇరువది మెట్టు చాలవచ్చును. అరుగుదల ఒక ప్రక్కకే ఒరిగియున్నచో ముప్పదికి పోవలెను. కనుక ఇదివరకు ఎన్ని మెట్లు వాడుకొన్నారను ప్రశ్నయే ముఖ్యమైనది. ఒకసారియైనను కోయని బోరు ముందు ఇంక మూడు నాలుగు జన్మములున్నవి. చివరి మెట్టు దాటిన బ్లాకునకు స్లీవు దిగగొట్టుట యొకటే గతి. స్లీవు వెలుపలి కొలత బోరుకంటె రెండు మూడు థౌలు పెద్దదిగా త్రిప్పి, స్క్రూ ప్రెస్సుతో నొక్కి దింపుదురు. ఎక్కువైనచో గోడ చీలును, తక్కువైనచో స్లీవు కదలును. లిస్టరువారి కొన్ని సీమ బ్లాకులకు లోపల క్రోమియపు పూత ఉండును. సామాన్యపు కత్తి దానిని కోయదు. దానిలో క్రోమియపు రింగులు వేయనేరాదు. ఇది తెలియక పాడుచేసినవి అనేకములు.

వీనికి తోడు హెడ్డు కూర్చుండు ముఖము వంకరయా సమమా యని ఉక్కుబద్దతో చూతురు. విరిగిన స్టడ్డులను లెక్కింతురు. ఇక వెల. క్రింది హద్దు గుజరీవాని తక్కెడ. పై హద్దు, అదే జాతి నిర్దోషపు బ్లాకు వెలనుండి కోత, పిస్టను, రింగులు, పగులు కుట్టు, స్టడ్డులు వీని ఖర్చు తీసివేయగా మిగిలినది. ఈ రెంటి నడుమ బేరము. అరుదైన వస్తువున కెక్కువ వెల యని లోకము తలచును. సేకరించువారి విషయమున అది నిజమే. నడిపింపదలచినవాని దృష్టి వేరు. పాత హార్న్స్‌బీ బ్లాకు అరుదైనదే, కాని పిస్టను ప్రత్యేకముగా పోతపోయింపవలెను. లిస్టరు జాతికి రాజకోట పిస్టను అంగడిలో దొరకును. అందుచేత సామాన్యమైనదే ఒక్కొక్కప్పుడు వెలలో పైచేయి యగును. మా మేస్త్రి చెప్పిన వెల గుజరీవాడు చెప్పినదానికి నాలుగు రెట్లకు పైగా ఉండెను. పగులునకై తీసివేసిన తరువాత ఆ మాట.

పగులును ఆయన వెల్డింగు చేయలేదు. పోతయినుము మంట తగిలినచోట గట్టిపడి ప్రక్కనే మరల చీలునని, నికెలు కడ్డీతో కొంచెము కొంచెముగా అతికి బూడిదలో ఆర్చు ఓపిక తన చేతులకిక లేదని చెప్పెను. పగులు రెండు కొనలయందు చిన్న రంధ్రములు చేసి అది ప్రాకకుండ ఆపి, నడుమ ఒకదానినొకటి తాకునట్లు రంధ్రములు చేసి, మరలు కోసి, మెత్తని మేకులు బిగించి, తలలు సుత్తెతో అణచెను. చూచుటకు కంబళి అంచు కుట్టినట్లుండెను. బోరును ఇరువది మెట్టునకు కోయగా శుభ్రముగా తేలినది. చివర హోనింగు రాళ్లతో అడ్డగీతలు వేసి, కిరోసినుతో గాక సబ్బు కలిపిన వేడినీటితో, తెల్లని గుడ్డ తెల్లగానే వచ్చువరకు తుడిచెను. కిరోసిను రాతిపొడిని బోరు గీతలలోనికి ఇంకించునట. పది పనులు చక్కగా చేసి ఈ పదునొకండవది తప్పినవారి ఇంజనులు ఏడాది తిరుగక మరల షెడ్డునకు వచ్చునని ఆయన చెప్పెను.

బెంగుళూరునుండి పాత యంత్రములను నడుపుకొను ప్రియుడొకడు వచ్చి, మేస్త్రి చెప్పిన వెలకే మొత్తము కొనెను. అతనికి ఇంజనును అప్పగించుటకు ముందు, క్రాంకుపెట్టె తలుపుమీది సంఖ్యగల ఇత్తడి పలకను మా తమ్ముడు గుర్తుగా ఉంచుకొందమని విప్పి జేబులో వేసికొనియుండెను. మేస్త్రి అది చూచి, "పలక లేని ఇంజను అనాథ సామీ, దానికి సగం వెల కూడా రాదు" అనెను. తమ్ముడు దానిని తీసి యిచ్చెను. రెండు మరలు నేనే బిగించితిని.